ఉలవల బుగ్గకు దోవ

నేను ఒక సొరబుర్రను. కూర వండుకునే తీపి సొర జాతి కాదు నాది. మాది చేదు జాతి. మమ్మల్ని ఒకసారి నాలిక మీద పెట్టుకున్నవాడు మళ్లీ మా వైపు చూడడు. అందుకే మమ్మల్ని ఎవరూ లేతగా ఉన్నప్పుడు కోయరు, ఎవరూ దొంగిలించరు. తీగ మీదే ముదిరి, ఎండి, గట్టిపడే భాగ్యం దక్కుతుంది. చేదుగా పుట్టడంలో ఇంత సుఖం ఉందని తీపివాళ్లకు తెలియదు.

నేను పుట్టింది ఎర్రమల కొండల అంచున, బండమీదిపల్లె అనే ఊళ్లో, గొర్రెల దొడ్డికి వేసిన ముళ్లకంచె మీద. ఆ దొడ్డి మద్దిలేటి అనే కాపరిది. ఎనభై గొర్రెలు, పది మేకలు, ఒక నల్ల కుక్క అతని సంసారం. వానాకాలంలో గింజ వేశాడు, మాఘమాసంలో నన్ను కోశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల గింజలు గలగలమంటే నవ్వాడు. కాల్చిన ఇనుప చువ్వతో నా నెత్తిన రంధ్రం పెట్టి, గులకరాళ్లూ నీళ్లూ పోసి మూడు రోజులు కుదిపాడు. లోపలి పీచంతా ఊడి వచ్చింది. ఆ తర్వాత రోజూ నీళ్లు నింపడం, రుచి చూడడం, ఉమ్మేయడం. నా చేదు విరగడానికి ఇరవై రోజులు పట్టింది. కొందరు మనుషులకు అంతకంటే చాలా ఎక్కువే పడుతుందని తర్వాత తెలుసుకున్నాను.

నా ఆకారం చెప్పాలి. పైన చిన్న గుండు, కింద పెద్ద గుండు, మధ్యలో సన్నటి నడుము. ఆ నడుముకు మేకబొచ్చు తాడు కట్టి, ఒళ్లంతా వల అల్లి, జొన్నబెండుతో బిరడా చేసి, మద్దిలేటి నన్ను భుజాన వేసుకున్నాడు. అలా పన్నెండేళ్లు తిరిగాం.

మేం తిరిగిన చోటు గురించి కూడా చెప్పాలి. ఊరికి పడమటగా కొండను నిలువునా చీల్చిన ఒక గండి ఉంది. రెండు పక్కలా ఎర్రరాతి గోడలు, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు. చుట్టూ మైళ్ల కొద్దీ పచ్చటి ఆకు కనిపించని ఎండు నేల. బ్రహ్మజెముడు, బలుసు కంప, కాలిన పెనంలాంటి బండలు. ఆ గండి అడుగున మాత్రం ఒక సన్నటి వంక పారుతుంది. కొంత దూరం కనిపిస్తుంది, కొంత దూరం ఇసుక కిందికి పోయి దాక్కుంటుంది, మళ్లీ ఎక్కడో రాళ్ల మధ్య లేస్తుంది. దాని వెంబడే పొద్దున బయలుదేరి నడిస్తే, ఎండ నడినెత్తికి రాకముందే అది పుట్టే చోటికి చేరతాం. దాని పేరు ఉలవల బుగ్గ. అక్కడ నీళ్లు అడుగు నుంచి పొంగుతుంటే తెల్లటి ఇసుక కుండలో ఉలవలు ఉడుకుతున్నట్టు ఎగురుతూ ఉంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ ఆకలి మీద ఉన్నప్పుడు పెట్టి ఉంటారు.

పన్నెండేళ్ల తర్వాత ఒక రోజు మద్దిలేటి నాకు బిరడా పెట్టబోయి మూడుసార్లు గురి తప్పాడు. నాలుగోసారి వేలితో రంధ్రం తడిమి చూసుకుని పెట్టాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన కళ్లలో పొర కమ్ముతోంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. "కాళ్లు నొప్పులు, ఇంక కొండ ఎక్కలేను" అని ఊరంతా చెప్పి గొర్రెలను అమ్మేశాడు. కుక్క వయసు మీరి పోయింది. నన్ను చూరుకు వేలాడదీశాడు. మనుషులు ఒక నొప్పిని దాచడానికి ఇంకో నొప్పిని ముందు పెట్టుకుంటారు. నేను మూడేళ్లు చూరు కింద వేలాడుతూ ఆ కాళ్ల నొప్పుల కథ రోజూ విన్నాను. ఆ కాళ్లు ఉక్కులా ఉన్నాయని నాకు తెలుసు.

మద్దిలేటి కోడలు సుంకులమ్మ ఊరి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. బళ్లో ఏదో ప్రదర్శన పెడుతున్నారు, పాత వస్తువులు ఉంటే తెమ్మన్నారని నన్ను తీసుకుపోయింది. నన్ను సైన్సు గదిలోని అద్దాల బీరువాలో ఒక పాము సీసాకు, చేతులు విరిగిన అస్థిపంజరం బొమ్మకు మధ్యన నిలబెట్టారు. మెడకు చీటీ కట్టారు: "ప్రాచీన కాలపు నీటి పాత్ర." అప్పటికి నాకు పదిహేనేళ్లు. నన్ను మోసిన మనిషి ఆ బడి గోడకు అవతలి సందులోనే వేపపుల్ల నములుతూ బతికే ఉన్నాడు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి నన్ను చూసి, "తంబురా బుర్రా ఇది?" అని అడిగి, జవాబు వినకుండానే "వెరీ గుడ్" అన్నాడు. ప్రదర్శన అయిపోయినా నన్ను వెనక్కి పంపాలని ఎవరికీ గుర్తు రాలేదు.

నేను విసుగు పడలేదు. గదులు చాలక సోషల్ పాఠాలు కూడా ఆ గదిలోనే జరిగేవి. చెప్పేది వహీదా టీచరు. పొట్టి మనిషి, గొంతు మాత్రం కంచు. మా బడికి వచ్చి మూడేళ్లే అయినా, ఆమె పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ముప్పై మూడేళ్లు. నదులు ఎలా పుడతాయో చెప్పేటప్పుడు బోర్డు మీద నీలం సుద్దతో గీత గీసేది. గీత మొదలు దగ్గర సుద్ద కొంచెంసేపు ఆగేది. ఒకసారి పిల్లలంతా వెళ్లాక, పళ్లేలు తీసుకుపోవడానికి వచ్చిన సుంకులమ్మతో అన్నది:

"ముప్పై మూడేండ్లు నదులు పుట్టే కథ చెప్పినా సుంకులమ్మా. నేలలో నుంచి ఒక్క చుక్క పైకి రావడం నా కండ్లతో ఎప్పుడూ చూడలేదు. వచ్చే నెల రిటైర్ అవుతాను. మీ మామకు ఆ బుగ్గ తెలుసంట కదా, తీసుకుపోతాడా?"

"మామకు కాళ్లు బాగలేవు మేడం," అంది సుంకులమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట ఎత్తగానే మద్దిలేటి మంచం మీద నుంచి దిగ్గున లేచాడట. "కాళ్లకేమి? ఉక్కు లెక్కుండాయి!" అన్నాడట. ఆరేళ్ల కాళ్ల నొప్పులు ఒక్క నిమిషంలో నయమైపోయాయి. ఒకటే షరతు పెట్టాడు. "నా బుర్ర నాకు తెచ్చిస్తేనే వస్తా."

అలా మార్చి నెల రెండో శనివారం తెల్లవారుజామున నేను మళ్లీ ఆ భుజం మీదికి చేరాను. మద్దిలేటి నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని, చీటీ తెంపేసి, నా ఒళ్లంతా తడిమాడు. ఎప్పుడో బండకు తగిలి పడ్డ నొక్కు దగ్గర బొటనవేలు ఆగింది. నీళ్లు నింపి బిరడా బిగించాడు.

టీచరు రెండు ప్లాస్టిక్ సీసాల నీళ్లు, నిమ్మకాయ చిత్రాన్నం తెచ్చింది. ఆయన మూటలో రెండు జొన్నరొట్టెలు, ఎర్రకారం. గడప దగ్గర సుంకులమ్మ, "మూడు గంటలకు వాపసు రాకుంటే నేనే వస్తా మామా," అని చెప్పి పంపింది.

గండిలోకి దిగగానే చల్లగాలి తగిలింది. పొద్దుటి ఎండ పై అంచుల మీదే ఉంది, అడుగున ఇంకా నీడే. వంక మడమ లోతున పారుతోంది. టీచరు చెప్పులు విప్పి చేత పట్టుకుని నీళ్లలో నడిచింది. తన పెళ్లికి కూడా ఇంత సంతోషపడలేదని చెప్పి తానే నవ్వుకుంది. మద్దిలేటి ఒక చేత్తో కర్ర ఊతం పట్టి, రెండో చేత్తో రాతిగోడను రాసుకుంటూ ముందు నడిచాడు. కొంత దూరం పోయాక ఆగి అడిగాడు:

"టీచరమ్మా, ఎదురుగా ఏముందో చెప్పు చూద్దాం?"

"పెద్ద బండ అన్నా. ఏనుగు పండుకున్నట్టుంది."

"సరిగ్గా చెప్పినావు. దాని ఎడమ పక్క దోవ."

ఇంకొంచెం పోయాక, "ఇప్పుడు కుడి పక్క గోడకు ఏమన్నా కనపడతాండాదా?"

"తేనెపట్లు! నాలుగున్నాయి."

"అయిదుండల్ల. ఒకటి ఎవరో కొట్టుకోని పోయినారు."

ముప్పై మూడేళ్లుగా ప్రశ్నలు అడిగిన టీచరమ్మకు ప్రశ్నలు అడిగించుకోవడం భలే నచ్చింది. ప్రతిదానికీ చెయ్యెత్తినంత పని చేసి జవాబు చెప్పింది. పెద్దాయన తనకు గండి పాఠం చెబుతున్నాడని ఆమె నమ్మకం. ఆ జవాబులతోనే ఆయన అడుగులు వేస్తున్నాడని నాకొక్కదానికే తెలుసు. నోరుంటే చెప్పేదాన్నేమో. చెప్పకపోవడమే మంచిదైంది.

నా సంగతి మాత్రం బాగాలేదు. మూడేళ్లు బీరువాలో ఎండిపోయిన ఒళ్లు. సన్నటి పగుళ్లలో నుంచి నీళ్లు చెమట పట్టినట్టు కారుతూనే ఉన్నాయి. మద్దిలేటి చొక్కా వీపంతా తడిసింది. ఆయన అది తన చెమటే అనుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎనిమిది దాటాక ఒక మలుపులో కొమ్మకు ఏదో తెల్లగా చిక్కుకుని ఊగుతోంది. మద్దిలేటి కర్రతో చూపించి, "సూడు టీచరమ్మా, కొంగ! కదలకుండా ఎట్ల నిలబడిందో," అన్నాడు.

అది వానాకాలం వరదకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి.

టీచరు సంచిని చూసింది. ఆయన ముఖాన్ని చూసింది. ఆ కళ్లు సంచికి రెండు జానల పక్కన ఆగి ఉన్నాయి. ఆమె ముఖంలో సంతోషం పోయి భయం వచ్చి, భయం పోయి ఇంకేదో వచ్చింది. "అవునన్నా, మంచి కొంగ," అంది మెల్లగా. ఆ తర్వాత ఆయన అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. "ఇక్కడ రాళ్లు జారేటట్టున్నాయి... ఇక్కడ వంక కుడికి తిరిగింది... కొమ్మ ఒకటి అడ్డం ఉంది, తల వంచాల." ఊరికే తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పేది.

ఒక దొనె దగ్గర, రాతిలో నీళ్లు నిలిచిన చిన్న గుంట పక్కన, రొట్టెలు తినడానికి కూర్చున్నారు. మద్దిలేటి రొట్టె తుంచుతూ అన్నాడు:

"నీ కుడికాలు సగమే నేలకు తగలతాంది టీచరమ్మా. పొద్దున్నించీ వింటాండా. మోకాలా?"

ఆమె చేత్తో మోకాలు నిమురుకుంది. "రెండేండ్లాయె. ఆపరేషన్ చేయాలన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

"మరి ఇంత దూరం ఎందుకొస్తివి?"

"నీకు కండ్లు కనపడక ఎన్నేండ్లాయె?"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు గోడలకు తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగి వచ్చింది.

"కంట్లో కత్తి పెడతారంట," అన్నాడు మద్దిలేటి. "పులి ఎదురొస్తే నిలబడినోన్ని. దానికి మాత్రం నాకు భయమమ్మా."

"నాకు మత్తు సూది అంటే భయం," అంది ఆమె. "వెనక్కి పోదామా అన్నా?"

"నువ్వు చెప్పు."

"నేనైతే పోను."

"నేనూ పోను."

మనుషుల ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇద్దరు పిరికివాళ్లు నిజం చెప్పుకుంటే చాలు, లేచి నిలబడతారు.

దొనె దాటిన తర్వాత వంక ఇసుక కిందికి పోయింది. గండి ఇరుకైంది. ఇంటి గదుల్లాంటి బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. టీచరు ముందు ఎక్కి ఆయనకు చెయ్యి అందిస్తోంది. ఒక బండ మీద నుంచి అవతలికి దిగుతుంటే అరికాలు ఎండు పాచి మీద జారింది. ఆమె వెల్లకిలా పడింది. వీపుకున్న సంచిలో నీళ్ల సీసా పటక్కున పగిలిన చప్పుడు నేను విన్నాను. ఇంకో సీసా అప్పటికే ఖాళీ. ఎడమ మడమ మెలిపడి క్షణాల మీద వాచిపోయింది. మోకాలు బాగాలేని కాలేమో కుడిది. ఇంక ఆమెకు నిలబడడానికి కాలు లేదు.

ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. నాలో మిగిలిన రెండు గుక్కల నీళ్లు ఆమె గొంతులో పోశాడు మద్దిలేటి. సగం దారిలో కార్చేసిన నీళ్లు గుర్తొచ్చి నేను కుమిలిపోయాను. పదకొండున్నర అయింది. ఎండ సరిగ్గా గండి నడిమధ్యకు దిగింది. నీడ అన్నది ఎక్కడా లేదు. రాయి ముట్టుకుంటే చురుక్కుమంటోంది. వెనక వంక పారే చోటు బుగ్గ కంటే చాలా దూరం; దొనెలో ఉన్నది అడవిపందులు పొర్లాడిన నీళ్లు. టీచరు పెదాలు తెల్లబడ్డాయి, మాట తడబడుతోంది.

మద్దిలేటి తలపాగా విప్పి, ఆమె తల మీద నీడగా కప్పి, నన్ను భుజాన వేసుకున్నాడు.

"బుగ్గ ఇంక దగ్గరే. కండ్లున్నోనికి పావుగంట. నీళ్లు తెస్తా."

"వద్దన్నా. నువ్వు పడితే?"

"పడితే లేస్తా."

"ఎట్ల తిరిగి వస్తావు? నేను ఎక్కడున్నానో నీకు ఎట్ల తెలుస్తాది?"

ఆయన ఆలోచించాడు. "నువ్వు పాఠం చెప్పు. పిల్లకాయలకు చెప్పినట్టు గట్టిగా చెప్పు. ఆపొద్దు. ఆ గొంతు పట్టుకోని వస్తా."

మేం బయలుదేరాం. ఆయన కర్రతో, చేతులతో, ఒక్కోచోట కూర్చుని పిరుదుల మీద జరుగుతూ బండలు దాటాడు. ఒకచోట మోచేయి చీరుకుపోయింది. ఆగి గాలి పీల్చి, ఏదో వాసన పట్టి మళ్లీ కదిలాడు. వెనక నుంచి ఆ గొంతు వస్తూనే ఉంది. మొదట బలహీనంగా, తర్వాత కొంచెం గట్టిగా.

"గోదావరి నది... నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది... కృష్ణా నది... మహాబలేశ్వరంలో పుట్టింది..."

రాతిగోడలు ఒక్కో పేరునూ రెండుసార్లు పలికాయి. ఆ ఎండుగండిలో అన్ని నదుల పేర్లు ఎవరూ ఎప్పుడూ తలచి ఉండరు.

ముందు జమ్ముగడ్డి రాపిడి వినిపించింది. ఆ తర్వాత చల్లదనం తగిలింది. మద్దిలేటి మోకాళ్ల మీద పడి, చేతులు చాచి, నీళ్లను ముట్టుకున్నాడు. ఆరేళ్ల తర్వాత. తాను తాగలేదు. ముందు నన్ను ముంచాడు. గుడగుడమని ఆ నీళ్లు నాలోకి వస్తుంటే నా పగుళ్లన్నీ ఉబ్బి మూసుకున్నాయి. ఒక్క చుక్క కారలేదు. అప్పుడు ఆయన దోసిలితో ఒకసారి తాగి లేచాడు.

తిరుగు దారిలో ముప్పు వచ్చిపడింది. రెండు బండల మధ్య సందులో ఆయన కాలు దిగబడి ముందుకు పడ్డాడు. కర్ర ఎగిరి ఎక్కడో పడింది. నేను బండ అంచుకు కొట్టుకున్నాను. నా నడుము దగ్గర టప్పుమంది. పై గుండు విడిపోయి రాళ్ల సందులోకి దొర్లిపోయింది. అది ఏమైందో నాకు తెలియదు. వల పట్టి ఉంచినందుకు కింది గుండు నిలిచింది. పడుతూ పడుతూనే ఆయన రెండు చేతులతో నన్ను పైకి ఎత్తి పట్టుకున్నాడు. సగం నీళ్లు పోయాయి. సగం మిగిలాయి.

అదే సమయానికి ముందు నుంచి వస్తున్న గొంతు కూడా ఆగిపోయింది.

మద్దిలేటి అలాగే కూర్చుండిపోయాడు. కర్ర లేదు. నన్ను పట్టుకున్నందున గోడ తడమడానికి చెయ్యి కూడా లేదు. ఏ వైపు వచ్చాడో, ఏ వైపు పోవాలో తెలియదు. ఆయన గుండె చప్పుడు అరచేతుల గుండా నాకు తెలుస్తోంది.

"టీచరమ్మా!" అని అరిచాడు. జవాబు లేదు. మళ్లీ అరిచాడు. "ఏమ్మా! పెన్నను మరిచిపోతివా? మన పెన్న యాడ పుట్టింది? చెప్పవా?"

తర్వాత చాలా సన్నగా, నిద్రలో నుంచి లేచినట్టు వచ్చింది.

"పెన్నా నది... నంది కొండల్లో... నంది కొండల్లో పుట్టింది."

"ఆఁ! ఇంకా?"

"తుంగా నది, భద్రా నది కలిసి... తుంగభద్ర..."

"చెప్పు, చెప్పు! ఆపొద్దు!"

ఆయన లేచాడు. నన్ను ఛాతీకి ఆనించుకుని, పాదాలతో రాళ్లను తడుముతూ, ఒక్కో అడుగూ పరీక్షించి వేస్తూ నడిచాడు. కావేరి తలకావేరిలో పుట్టింది. కుందూ మా ఎర్రమల కొండల్లోనే పుట్టింది. నదులు అయిపోతే మళ్లీ గోదావరి నుంచి మొదలుపెట్టింది. రెండోసారి కృష్ణ పుట్టేసరికి మేం ఆమె దగ్గరికి చేరాం. నా అంచును ఆమె పెదాలకు ఆనించాడు. ఆమె కళ్లు మూసుకుని తాగింది. మూడు గుక్కల తర్వాత కళ్లు తెరిచి, విరిగిన నన్ను, చీరుకుపోయిన ఆయన మోచేతులను చూసి, ఏడ్చింది. మద్దిలేటికి అది కనపడలేదు కానీ వినపడింది.

"ఏడవొద్దులేమ్మా. కష్టపడి తెచ్చిన నీళ్లు మళ్లీ బయటికే పోతాయి," అన్నాడు.

మిగిలిన చుక్కలతో తలపాగా తడిపి ఆమె మడమకు కట్టాడు. వెనక్కి పోవడం కంటే బుగ్గకు పోవడమే దగ్గర. అక్కడ నీడ ఉంది. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఒంటికాలి మీద కుంటుతూ, దారి చెబుతూ నడిచింది. "ఈ కథ నేను నాలుగో తరగతికి చెప్పినా అన్నా, కుంటోడు, గుడ్డోడు," అంది. "అందులో చివరికి ఏమైంది?" అని అడిగాడు. "పరీక్షలో రెండు మార్కులు వచ్చినాయి," అంది. నాకు చాలా నవ్వొచ్చింది. విరిగినదానికి నొప్పి ఉండాలి కదా అని మీరు అనుకోవచ్చు. నిజం చెబుతున్నాను, లేదు.

గంట పట్టింది. జమ్ముగడ్డి తప్పించుకుని ఉలవల బుగ్గ ఒడ్డున కూలబడ్డాక, వహీదా టీచరు నీళ్లలోకి వంగి చూసింది. చేప తొట్టె అంత గుంట. అద్దంలాంటి నీళ్లు. అడుగున తెల్లటి ఇసుక ఒకచోట లేచి, పక్కకు ఒరిగి, ఇంకోచోట లేస్తోంది. ఎవరూ ఊదడం లేదు, ఎవరూ తోడడం లేదు. ఆమె చెయ్యి మోచేయి దాకా ముంచి ఆ ఇసుక మీద పెట్టింది. నీళ్లు ఆమె అరచేతిని పైకి నెట్టాయి.

"ఎట్లుందో చెప్పమ్మా," అన్నాడు మద్దిలేటి. ఈసారి అది పరీక్ష కాదు. "నేను చూసి ఆరేండ్లాయె."

ఆమె చెప్పడం మొదలుపెట్టి ఆగిపోయింది. ముప్పై మూడేళ్లలో మొదటిసారి ఆమెకు మాట దొరకలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ ఇసుక మీదే పెట్టింది. ఇద్దరి చేతులూ పక్కపక్కన నీళ్లలో. టీచరు అంది:

"నువ్వు కండ్లు చూపించు అన్నా. నేను మోకాలు చూపిస్తా. నీ కంట్లో కత్తి పెట్టేటప్పుడు నేను బయట కూర్చుంటా."

"నీకు మత్తు సూది ఇచ్చేటప్పుడు నేను కూర్చుంటా," అన్నాడు. ఆ తర్వాత చిత్రాన్నం తిన్నారు. కొంచెం నలిగింది కానీ బాగుందట.

పొద్దు వాలే వేళకు సుంకులమ్మ గొంతు గండిలో మోగింది. తేనె తీసేవాళ్లను ఇద్దరిని, ఒక గొంగడిని వెంటబెట్టుకుని వచ్చింది. మామను చూసి ముందు తిట్టింది, తర్వాత మోచేతులు తుడిచింది. టీచరును గొంగడిలో కూర్చోబెట్టి మోస్తామంటే ఆమె సిగ్గుపడింది. "పెండ్లికూతురు లెక్క కూచో మేడం, ఏం కాదు," అంది సుంకులమ్మ. నన్ను తీసి కొంగులో కట్టుకోబోయింది. "స్కూలు సామాను కదా, పోయిందంటే మీకు మాటొస్తాది."

"పోయిందని రాయనులే," అంది టీచరు. "వాడుకలో ఉందని రాస్తా. ఇక్కడే పెట్టు."

మద్దిలేటి నన్ను అందుకుని, విరిగిన అంచును రాతి మీద అరగదీసి నునుపు చేశాడు. బుగ్గ ఒడ్డున ఒక బల్లపరుపు రాతి మీద బోర్లించాడు. వాళ్లు వెళ్లిపోయారు. గొంగడి మీద నుంచి టీచరు సుంకులమ్మకు నీళ్లు ఎలా పుట్టాయో చెబుతూనే ఉంది. మలుపు తిరిగిన తర్వాత కూడా చాలాసేపు వినిపించింది.

అప్పటి నుంచి నేనిక్కడే ఉన్నాను. మోయడం అయిపోయింది, ముంచడం మొదలైంది. తేనె తీసేవాళ్లు, కట్టెలకు వచ్చినవాళ్లు నాతో తాగుతారు. ఆదివారాలు పట్నం నుంచి రంగు రంగు బూట్లు వేసుకుని నడవడానికి వస్తారు. ఒక గుంపు పెద్ద పాటల డబ్బా మోసుకొచ్చి, ప్రశాంతత కోసం వచ్చామని చెప్పుకున్నారు. వాళ్ల సీసాల్లో నీళ్లు ఉన్నా నాతో ఒకసారి ముంచుకుని తాగి, "భలే ఉంది," అని ఫొటో తీసుకున్నారు. పోయేటప్పుడు ఎవరో ఒకరు నన్ను మళ్లీ రాతి మీద బోర్లించి పోతారు. ఆ పని చేయమని ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

కార్తీకంలో ఒక పొద్దున మనిషి అడుగుల చప్పుడు వినిపించింది. ఇద్దరివి. ఇద్దరి పాదాలూ నిండుగా నేలకు తగులుతున్నాయి. జమ్ముగడ్డి తొలగించుకుని ముందు మద్దిలేటి వచ్చాడు. ముక్కు మీద నల్ల కళ్లద్దాలు. వాటిని తీసి చేత్తో పట్టుకుని, బుగ్గ ముందు నిలబడిపోయాడు. ఇసుక ఎగురుతూనే ఉంది. ఆయన రెప్ప కొట్టడం లేదు. తర్వాత నన్ను చూశాడు. "ఇంత నల్లబడితివే," అన్నాడు.

వెనక నుంచి వహీదా టీచరు ఆయాసపడుతూ వచ్చింది. ముందు ఆమె మోకాలికి, తర్వాత ఆయన కంటికి ఆపరేషన్ అయితే, ఇద్దరూ మాట ప్రకారం బయట కూర్చున్నారట. ఆయన కట్టు విప్పకముందే ఆమె చుట్టాల ఇంటికి పోయింది, తర్వాత కబురు మాత్రమే పంపుకున్నారట; కళ్లు వచ్చాక ఆయన ఆమెను చూడడం ఈ పొద్దే, అదీ మొదటి కోడి కూయకముందే చీకట్లో బయలుదేరారు, దారంతా ఆయనే ముందు నడిచాడు. ఇప్పుడు గండిలోకి వెలుగు దిగింది. ఆయన వెనక్కి తిరిగి ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. మళ్లీ పై నుంచి కిందికి చూశాడు.

"ఇంత పొట్టిదానివా టీచరమ్మా నువ్వు?" అన్నాడు. "ఆ గొంతు విని ఆరడుగులు అనుకుంటినే!"

ఆమె నవ్వు ఆపుకోలేక బుగ్గ ఒడ్డున కూర్చుండిపోయింది. నవ్వుతూనే నన్ను తీసి, నీళ్లు ముంచి, ముందు ఆయనకు అందించింది.